పాత పేరు, కొత్త పాప

పోయిన సంచికలో వీలునామాల గురించి రాస్తానని మాట ఇచ్చాను. మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. ఈ మూడు నెలల్లో మా ఇంట్లో వేరే పని పడింది. మా అబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. నేను తాతనయ్యాను. ముప్పై అయిదేళ్ళుగా బ్యాంకులో ఎన్ని వేల పేర్లు రాశానో, ఎన్ని సంతకాలు సరిచూశానో నాకే లెక్క తెలియదు. అలాంటిది ఒక్క పేరు దగ్గర మా రెండు కుటుంబాలూ ఇరవై రోజులు తర్జనభర్జన పడ్డాయి. ఆ కథే ఈసారి.

ముందు మా సంగతి చెప్పాలి. మాది బరంపురం. గంజాం ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే మా తాతగారు అక్కడ స్థిరపడ్డారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైంది. ఇల్లు కదలకుండానే మేము ప్రవాసులమైపోయాం. మా కోడలు షోలాపూర్ పిల్ల. మూడు తరాల కిందట మగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్ళిన కుటుంబం వాళ్ళది. పిల్లలిద్దరికీ ఉద్యోగాలు పుణెలో. నేను ప్రస్తుతం బళ్ళారిలో. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. అంటే ఒడియా, మరాఠీ, కన్నడం అన్నీ మా ఇంట్లో మెసలుతుంటాయి. అందరినీ కలిపి ఉంచేది మాత్రం తెలుగే.

తొలి కాన్పు కనుక పాప షోలాపూర్‌లో పుట్టింది. పుట్టిన నాలుగో రోజునే మా అబ్బాయి ఫోన్లో షరతులు చదివాడు.

"నాన్నా, పేరు పాతకాలంది కావాలి. కానీ అందరికీ ఉండకూడదు. అచ్చ తెలుగుగా ఉండాలి. పొడుగ్గా ఉండకూడదు."

నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు తరగతిలో ‘లక్ష్మీ’ అని పిలిస్తే నలుగురు లేచేవారు. మా తరం వాళ్ళం ఆ ‘అమ్మ’ తోకలన్నీ కత్తిరించి పిల్లలకు స్వాతి, దివ్య, శ్రావణి అని పెట్టుకున్నాం. తర్వాత వచ్చినవాళ్ళు తెలుగులో ఎక్కడా కనపడని పేర్లు తెచ్చారు. ఇప్పుడు మళ్ళీ పాతపేర్ల మోజు వచ్చింది. మనం అటక మీద పడేసిన ఇత్తడి బిందెను పిల్లలు దించి, తోమి, హాల్లో పెట్టుకుంటున్నట్టే ఇదీను.

సరే, జాబితా తయారైంది. కోడలు బాలింత మంచం మీద నుంచే రాసింది. మా ఆవిడ, వియ్యపురాలు సవరణలు చేశారు.

మొదటి పేరు మొల్ల. రామాయణం రాసిన కవయిత్రి. ‘మొల్ల’ అంటే మల్లెజాతి పువ్వు. పొట్టి పేరు, పువ్వు పేరు, కవి పేరు. అంతా బాగుంది. అయితే కన్నడంలో ‘మొల’ అంటే కుందేలు. మా బళ్ళారి పక్కింటి పిల్లలు విన్నవెంటనే రెండు చేతులూ చెవుల్లా పెట్టి గెంతారు. పేరు పక్కన ప్రశ్నార్థకం పడింది.

రెండోది తిమ్మక్క. అన్నమాచార్యుల వారి భార్య, ‘సుభద్రా కల్యాణం’ రాసిన తాళ్ళపాక తిమ్మక్క. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనంటారు. కర్ణాటకంలో ఈ పేరు చెబితే దారి పొడుగునా మర్రిచెట్లు నాటి బిడ్డల్లా పెంచిన సాలుమరద తిమ్మక్క గుర్తొస్తుంది. ఆమెకు 2019లో పద్మశ్రీ ఇచ్చారు. రెండు విధాలా గొప్ప పేరే. కానీ మా అబ్బాయి, "నాలుగు రోజుల పిల్లను అక్కా అని పిలవాలా?" అన్నాడు.

మూడోది మధురవాణి. తంజావూరు రఘునాథ నాయకుని కొలువులో ఆ పేరున్న విదుషీమణి ఉండేది. ఎంత తీయని పేరు! మా ఆవిడ మాత్రం ఒక్క మాటతో కొట్టేసింది. "తంజావూరు మధురవాణి ఎందరికి తెలుసు? అందరికీ తెలిసింది ‘కన్యాశుల్కం’ మధురవాణే. వెనకాలే గిరీశం కూడా వస్తాడు." గురజాడ వారి మధురవాణి ఆ నాటకంలో అందరికంటే తెలివైనదీ, మనసున్నదీ అని నేను వాదించబోయాను. వియ్యపురాలి ముఖం చూసి ఊరుకున్నాను.

ఇక నక్షత్రం. పాపది చిత్త మొదటి పాదం. అక్షరం ‘పే’. దానితో పాత పేర్లు వెతికితే పేరమ్మ, పేరంటాలు, పేరిందేవి దొరికాయి. పేరిందేవి అనగానే కోడలికి నచ్చింది. పల్నాటి కథలో అలరాజు భార్య పేరిందేవి. భర్త పోతే చితి ఎక్కిన ఇల్లాలు. పేరంటాలు అన్న మాటకూ మన పల్లెల్లో అలా సహగమనం చేసి దేవతలైనవాళ్ళని అర్థం ఉంది. ఈ సంగతి చెప్పగానే ఫోన్లో అవతలివైపు నిశ్శబ్దం. పేరు వినడానికి ఎంత అందంగా ఉన్నా, దాని వెనక ఉన్న కథ కూడా పిల్లతోనే పెరుగుతుంది కదా! పురోహితుడు గారు మంచివారు. "జన్మనామం వేరుగా చెవిలో చెబుదాం. పిలిచే పేరు మీ ఇష్టం" అని దారి చూపించారు.

అన్నట్టు, పాఠకుల్లో కొందరు పేరు తేలక జనన నమోదు ఆపుతుంటారు. అది పొరపాటు. పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు లేకుండా కూడా చేయించవచ్చు. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం 12 నెలల్లోగా పేరు చేర్పిస్తే రుసుము లేదు. తర్వాత రుసుముతో 15 ఏళ్ళ దాకా వీలుంటుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి, పాస్‌పోర్టు వంటి వాటికి పుట్టిన తేదీ రుజువు ఆ ధ్రువపత్రమే. కనుక పేరు పెట్టడానికి తొందర లేదు గానీ, ఒకసారి రాయించాక అక్షరం తప్పు పోకూడదు.

నేను కోయంబత్తూరులో పనిచేసినప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. మన తెలుగావిడే. ఒక కాగితంలో అలమేలు, మరోదాంట్లో అలివేలు. నిజానికి రెండూ ఒకటే. తమిళంలో ‘అలర్ మేల్ మంగై’, అంటే పువ్వు మీద కొలువైన అమ్మవారు. అదే మన నోట్లో అలమేలుమంగ, అలివేలుమంగ అయింది. అమ్మవారికి ఎలా పిలిచినా పలకడం అలవాటే. కంప్యూటరు పలకదు. ఆవిడ భర్త డిపాజిట్టు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. తప్పు ఆవిడది కాదు. రాసుకున్న మా గుమాస్తాలది.

ఇంతవరకు సరదాగానే సాగింది. అసలు కథ పదకొండో రోజున మొదలైంది.

ఆ రోజు మేమంతా షోలాపూర్ వెళ్ళాం. మా అమ్మకు 78 ఏళ్ళు నిండాయి. మునిమనవరాలిని ఒళ్ళోంచి దించలేదు. సాయంత్రం తన చేతిసంచిలోంచి పాసుపుస్తకం తీసి కోడలి చేతిలో పెట్టింది. "దీన్లో ఉన్నదంతా గుంట పేర ఏసీయమ్మా" అంది. మా వైపు ఆడపిల్లను గుంట అంటాం.

"పాపకింకా పేరే లేదు కదా మామ్మగారూ, ఎవరి పేర వేయడం?" అని నవ్వుతూ కోడలు మొదటి పేజీ తెరిచింది. అక్కడ ఆగిపోయింది.

"తవిటమ్మ. మామ్మగారూ, మీ పేరు ఇదా?"

మూడేళ్ళయింది ఆ పిల్ల మా ఇంటికి వచ్చి. మా అమ్మ పేరు ఆమెకు తెలియదు. మామ్మగారు అనడమే తప్ప పేరుతో పని పడలేదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో మా అమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరు? మా నాన్నగారు ‘ఏమే’ అనేవారు. ఊళ్ళోవాళ్ళు పెద్దకోడలు అనేవారు. ఒడియా ఇరుగుపొరుగులు ‘మావుసీ’ అనేవారు. ఆ పేరు ఉన్నదల్లా పాసుపుస్తకంలో, రేషను కార్డులో.

కోడలు కాసేపు తటపటాయించి అడిగింది. "తవుడు అంటే ఎందుకూ పనికిరానిదనా? ఆడపిల్ల పుట్టిందని అలా పెట్టారా?"

ఆ పిల్ల అలా అడగడానికి కారణం ఉంది. మహారాష్ట్రలో ‘నకుశా’ అని కొందరు ఆడపిల్లలకు పేరు పెట్టేవారు. నకుశా అంటే అక్కర్లేనిది. 2011లో సతారా జిల్లాలో అలాంటి పేరున్న 285 మంది ఆడపిల్లలకు అధికారులే సభ చేసి కొత్త పేర్లు పెట్టారు. అప్పుడు మా కోడలు బడిలో చదువుకుంటోంది. ఆ వార్త ఆమె మనసులో ఉండిపోయింది. తమిళనాట కొన్ని పల్లెల్లో ‘వేండాం’ అని పెట్టడం మీలో చాలామంది వినే ఉంటారు. మన తెలుగులో ‘చాలమ్మ’లు లేరా? ఇవీ పాత పేర్లే. పాతవన్నీ బంగారం కావు.

మా అమ్మ ముందు తల అడ్డంగా ఊపింది. తర్వాత పాపను భుజాన వేసుకుని మెల్లగా చెప్పింది. ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"నాకు ముందు ముగ్గురు పుట్టీసి పోనారమ్మా. నాను పుట్టగానే మా యమ్మ నన్ను సేటలో పడుకోబెట్టీసి పక్కింటి ముసిలమ్మకిచ్చీసింది. ‘ఇది నా గుంట కాదు, నీదే’ అనీసింది. సాయంత్రానికి ఎల్లి, గుప్పెడు తవుడిచ్చి నన్ను మల్లా కొనుక్కుంది. తవుడికి కొన్న గుంటని ఏ యముడు ఎత్తుకెల్తాడు? నన్నొగ్గీసాడు."

నాకు తవిటమ్మ అన్న పేరు వెనక ఇలాంటి ఆచారం ఉంటుందని తెలుసు. శ్రీకాకుళం వైపు తవిటయ్యలు, తవిటమ్మలు, పెంటయ్యలు చాలామందే ఉన్నారు. కానీ మా అమ్మ చేటలో పడుకున్న సంగతి ఆమె నోట వినడం అదే మొదటిసారి. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నేనెప్పుడూ అడగలేదు.

కోడలు కళ్ళు తుడుచుకుని, "అయితే ఇది వద్దన్న పేరు కాదు, ఉండమన్న పేరు" అంది.

మా అమ్మ నా వైపు చూసి నవ్వింది. "నీ పెళ్ళి కార్డులో నాను సావిత్రినైపోనాను కదేటి!"

ఈ ముక్క రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 1994లో నా పెళ్ళి శుభలేఖలో మా అమ్మ పేరు సావిత్రి అని నేనే అచ్చువేయించాను. అప్పటికి బ్యాంకులో చేరి నాలుగేళ్ళు. ఆఫీసర్లకు కార్డులు పంచాలి. తవిటమ్మ కొడుకునని తెలిస్తే వెనక నవ్వుకుంటారని భయం. మా అమ్మ కూడబలుక్కుని చదవగలదు. కార్డు చదివి పక్కన పెట్టింది. ఆ రోజు ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు దాటాక, అదీ నవ్వుతూ అంది. సంతకం కాస్త తేడాగా ఉన్నా చెక్కు వెనక్కి పంపే ఉద్యోగం నాది. కన్నతల్లి పేరే మార్చి రాసిన నాకు ఆ నవ్వు దగ్గర జవాబు లేకపోయింది.

కోడలు అప్పటికప్పుడు పాపకు మామ్మ పేరే పెడదామంది. నేనూ సరేనన్నాను. నా బాకీ తీరుతుందన్న స్వార్థం కూడా అందులో ఉంది. మా అమ్మ ఒప్పుకోలేదు.

"ఒలమ్మా, వొద్దు. అది యముణ్ణి మోసం సెయ్యడానికి పెట్టిన పేరు. ఈ గుంటకి ఆ అవుసరం ఏటుంది? సూదులేత్తన్నారు, మందులిత్తన్నారు."

ఆమె చెప్పింది లెక్కల్లో కూడా నిజమే. మన దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ అంకె 28కి దిగింది. మా అమ్మ పుట్టింది 1947లో. అప్పటి తల్లులకు గుప్పెడు తవుడే టీకా.

"మరి నిన్ను కొనుక్కున్న మీ అమ్మ పేరేమిటి?" అని అడిగాడు మా అబ్బాయి.

అందరం మా అమ్మ వైపు చూశాం. ఎవరికీ తెలియదు. నాకు కూడా. మాకు ఆవిడ అమ్మమ్మే. నా చిన్నప్పుడే పోయింది.

"పైడమ్మ" అంది మా అమ్మ.

గదిలో అందరూ ఆ పేరును ఒకసారి మెల్లగా పలికి చూసుకున్నారు. పైడి అంటే బంగారం. విజయనగరంలో సిరిమాను ఉత్సవం జరిగే అమ్మవారు పైడితల్లి. 1962లో ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారి ఇంటిపేరులోనూ ఈ పైడే ఉంది. పాతది, అచ్చ తెలుగు, రెండక్షరాలు, మా ఎరుకలో ఇంకెవరికీ లేదు. పిల్లలడిగిన షరతులన్నీ తీరాయి. ‘పైడి’ అని తేలిపోయింది. పురోహితుడు గారు కూడా, "పే అన్నా పై అన్నా మధ్యలో గోడేం లేదు లెండి" అని నవ్వేశారు.

బ్యాంకు బుద్ధి ఊరుకోదు కదా, నేను పరీక్షలు మొదలుపెట్టాను. పక్క వాటాలో ఉండే హిందీవాళ్ళను అడిగాను. వాళ్ళ భాషలో పైడీ అంటే మెట్లట. హరిద్వారంలో గంగ ఒడ్డున ఉన్నది ‘హర్ కీ పైడీ’. మంచిదే, గంగలోకి దిగే మెట్టు. తర్వాత ఇంగ్లీషులో పి, ఎ, ఐ, డి, ఐ అని రాసి చూశాను. ఇన్నేళ్ళుగా చెక్కుల మీద ‘పెయిడ్’ ముద్ర కొట్టినవాణ్ణి. నా కంటికి అదే కనబడింది. రేపు బడిలో టీచరు ‘పెయిడీ’ అని పిలవదని నమ్మకమేమిటి? పి, వై, డి, ఐ అని ఖాయం చేసి, కాగితం మీద రాసి, అందరిచేతా ఒప్పించాను.

ఇలాంటి పేరు పెట్టదలచినవాళ్ళకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు.

పేరును వీధి గుమ్మంలో నిలబడి గట్టిగా పిలిచి చూడండి. కాగితం మీద బాగున్నవన్నీ నోటికి రావు.

మనం ఉన్న ఊరి భాషలో ఆ మాటకు అర్థమేమిటో ఇరుగుపొరుగులను అడగండి. ఊరు మారితే మళ్ళీ అడగండి.

ఇంటిపేరు ముందా వెనకా అన్నది మొదటే తేల్చుకోండి. మనవాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. మహారాష్ట్రలో పిల్ల పేరు, తండ్రి పేరు, తర్వాత ఇంటిపేరు. అక్కడ కొన్ని ఇళ్ళలో పెళ్ళి రోజున వధువు పేరే మార్చేస్తారు. మా కోడలి అమ్మమ్మకు అలా రెండు పేర్లు. జనన ధ్రువపత్రంలో ఎలా రాయించారో అన్నింట్లోనూ అలాగే రాయించండి.

చివరిది, నాకు ఆలస్యంగా తెలిసింది. పాత పేరు కావాలంటే పుస్తకాల్లో వెతికే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మీ అమ్మమ్మ తల్లి పేరేమిటి? ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? మనకు మగవాళ్ళ పేర్లు తద్దినాల మంత్రాల్లోనైనా మూడు తరాలు నిలుస్తాయి. అమ్మమ్మ వైపు ఆడవాళ్ళ పేర్లు చాలా ఇళ్ళలో ఒక్క ముసలమ్మ నోట్లోనే మిగిలి ఉంటాయి. ఆవిడతో పాటే పోతాయి. కథ తెలిశాక ఆ పేరు పెట్టాలా, ఊరికే గుర్తుంచుకోవాలా అన్నది మీ ఇష్టం. మా అమ్మ తన పేరు వద్దంది. అదీ ఆమె హక్కే.

ఇరవై ఒకటో రోజున బారసాల అయింది. మరాఠీవాళ్ళు ‘బారసే’ అని పన్నెండో రోజున చేస్తారు. ఆ రోజు వియ్యాలవారి ఇరుగుపొరుగులు వచ్చి ఉయ్యాల ఊపి పాటలు పాడి వెళ్ళారు. మా పద్ధతి ప్రకారం పళ్ళెంలో బియ్యం పోసి, మా అబ్బాయి ఉంగరంతో ‘పైడి’ అని రాశాడు. కార్డులు నేనే అచ్చువేయించాను. ‘తాతమ్మ శ్రీమతి తవిటమ్మ గారి ఆశీస్సులతో’ అని పైనే పెద్ద అక్షరాల్లో ఉంది. ఒకటి మా ఆఫీసులో నోటీసు బోర్డుకు కూడా పెట్టాను. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు మాత్రం వచ్చి తమ నాయనమ్మల పేర్లు చెప్పి వెళ్ళారు.

ఇంతా చేసి ఇప్పుడు ఇంట్లో చిక్కొకటి వచ్చి పడింది. మా అమ్మ పాపను పేరు పెట్టి పిలవదు. "మా యమ్మని పేరెట్టి ఎలా పిలిసీది?" అంటుంది. వీడియో కాల్‌లో పాప కనిపించినప్పుడల్లా ‘అమ్మా, ఓ అమ్మా’ అని పిలుస్తుంది. మూడు నెలల పైడి ఆ గొంతు వినపడగానే తల తిప్పి చూస్తోందని మా కోడలు చెబుతోంది.

వీలునామాల సంగతి వచ్చే సంచికలో తప్పకుండా. ఈలోగా మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే, పక్కన కూర్చుని, ఆవిడ అమ్మ పేరు అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. అక్షరాలు సరిచూసుకోవడం మరచిపోకండి.